అత్తగారికి హీరోయిన్ పాత్ర ఇచ్చిన భానుమతి గారు

మే నెలలో సికింద్రాబాద్ మోండా మార్కెట్‌కి ఎప్పుడైనా వచ్చారా? కూరగాయల కంటే ముందు పచ్చి మామిడికాయల వాసనే మనల్ని పలకరిస్తుంది. కత్తులు ముందు పెట్టుకుని కూర్చుని, టకటకమని ముక్కలు కొట్టేవాళ్ళ దగ్గర ఆడవాళ్ళం సంచులతో వరసగా నిలబడతాం. టెంకతో సహా ముక్క పడాలి. ముక్క నలగకూడదు. మన కాయలు పక్కావిడ కాయల్లో కలవకూడదు. ఇన్ని కాపలాల మధ్య కబుర్లు మాత్రం ఆగవు. ఆ కబుర్లలో అత్తగారి ప్రస్తావన రాకుండా వరస ముందుకు కదలదు. ఆవపిండి పాళ్ళు ఇప్పటికీ చెప్పని అత్తగారు ఒకరిదైతే, జాడీ మూత తీసే హక్కు ఎవరికీ ఇవ్వని అత్తగారు మరొకరిది. అందరం నవ్వుకుంటాం. ఆ నవ్వులో కోపం పాలెంతో, ప్రేమ పాలెంతో కొలిచి చెప్పమంటే మాత్రం ఎవరి వల్లా కాదు.

ఆవకాయ పక్కన అత్తగారిని కూర్చోబెట్టి, ఈ నవ్వునే తెలుగు సాహిత్యంలోకి తీసుకొచ్చిన ఆవిడ ఒకరున్నారు. భానుమతీ రామకృష్ణ గారు. ఆవిడ పేరు చెప్పగానే మనకు మల్లీశ్వరి గుర్తొస్తుంది, ఆ గొంతు గుర్తొస్తుంది. నటి, గాయని, స్టూడియో యజమానురాలు... ఈ వరసలో హాస్యాన్ని మాత్రం చివరెక్కడో పెడతాం. నాకు అలా అనిపించదు. తెర మీద నవ్వించి, కాగితం మీద నవ్వించి, తానే కెమెరా వెనక నిలబడి సినిమాలు తీసిన మొదటి తెలుగు ఆడమనిషి ఆవిడ. ఆ మూడు పనుల్నీ కలిపి చూస్తే తప్ప భానుమతి గారు పూర్తిగా అర్థం కారని నా నమ్మకం.

దొడ్డవరం నుంచి కలకత్తాకి

భానుమతి గారు 1925 సెప్టెంబరు 7న ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టారు. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య గారికి సంగీతమంటే ప్రాణం. నాటకాలన్నా అంతే ఇష్టం. కూతురికి పాట ఆయన దగ్గరే అబ్బింది. అప్పట్లో పెళ్ళిచూపుల్లో పాడటానికి నాలుగు కీర్తనలు నేర్పేవాళ్ళే గానీ, పాటని పాట కోసమే నేర్పే తండ్రులు ఎంతమంది ఉండేవారు?

చిత్తజల్లు పుల్లయ్య గారు 'వరవిక్రయం' సినిమాకి అమ్మాయిల్ని వెతుకుతున్నప్పుడు ఈ పిల్ల ఆయన కంట్లో పడింది. అప్పటికి వయసు పదమూడు. షూటింగు కలకత్తాలో. 1939లో సినిమా విడుదలైంది. కాళ్ళకూరి నారాయణరావు గారు వరకట్నం మీద రాసిన నాటకం అది. అందులో కాళింది పాత్ర భానుమతి గారిది. కట్నం పోసి కొన్న పెళ్ళి తనకొద్దని ప్రాణం తీసుకునే పిల్ల. ఆలోచిస్తే చిత్రంగా ఉంటుంది. ఆడపిల్ల ఏడ్చి, చచ్చిపోయే పాత్రతో మొదలుపెట్టిన మనిషి, తర్వాత జీవితమంతా తలెత్తుకు నిలబడే పాత్రల్నే వెతుక్కున్నారు.

తండ్రి గారి కట్టుబాటు గట్టిది. కూతురు నటించే సినిమాలో కథానాయకుడు ఆమెను కౌగిలించుకోకూడదని నిర్మాతలకు ముందే షరతు పెట్టేవారు. ఇప్పుడు వింటే నవ్వొస్తుంది గానీ, సినిమాల్లో వేషం వేసే ఆడపిల్లని లోకం ఎలా చూసేదో తెలిస్తే ఆ తండ్రి భయం కూడా అర్థమవుతుంది.

'కృష్ణప్రేమ' 1943లో వచ్చింది. ఆ సినిమా తీసే రోజుల్లో అక్కడ సహాయ దర్శకుడిగా పనిచేస్తున్న పి.ఎస్. రామకృష్ణారావు గారితో పరిచయమైంది. తండ్రికి మొదట ఈ సంబంధం నచ్చలేదు. హీరోయిన్ ఏమిటి, జీతానికి పనిచేసే సహాయ దర్శకుడు ఏమిటి? అయినా అమ్మాయి మాట మార్చలేదు. అదే ఏడాది ఆగస్టు 8న పెళ్ళయింది. పెళ్ళయ్యాక సినిమాలు మానేసి చిన్న ఇంట్లో కాపురం పెట్టారు. డబ్బూ పేరూ వచ్చే ఉద్యోగం వదిలేసి వంటింట్లో కుదురుకోవాలని ఎవరూ బలవంతపెట్టలేదు. ఆవిడకే ఆ జీవితం కావాలనిపించింది.

ఆ కాపురం తలుపు తట్టింది దర్శకులు బి.ఎన్. రెడ్డి గారు. 'స్వర్గసీమ'లో వేషం వెయ్యమని అడిగారు. ఆ ఒక్క సినిమాతో మానేస్తాననే లెక్కలోనే ఒప్పుకున్నారు. 1945లో విడుదలైన ఆ సినిమాలో వీధుల్లో ఆడిపాడే సుబ్బి, నాటకాల్లో తారగా మారి, సంసారి అయిన మగాడిని తన చుట్టూ తిప్పుకుంటుంది. బుద్ధిమంతురాలైన భార్య పాత్ర వేరే ఆవిడది. సుబ్బి వయ్యారం, ఎగతాళి, కొంటెతనం చూసి జనం వెర్రెత్తిపోయారు. మానేద్దామనుకున్న పని ఆవిడని వదల్లేదు. మన తెలుగు హాస్యానికి అక్కడో లాభం జరిగిందని నేననుకుంటాను. కథానాయిక అంటే కన్నీళ్ళే కాదు, కనుబొమ్మ ఎగరేసి ఎదుటివాడి గాలి తీసెయ్యొచ్చని మొదట చూపించింది సుబ్బే.

భరణీ అనే సొంత ఇల్లు

కొడుకు భరణి పుట్టాక, ఆ పేరుతోనే భార్యాభర్తలు సొంత సంస్థ పెట్టారు. 'రత్నమాల', 1949లో 'లైలామజ్ను'... అలా మొదలై మద్రాసులో భరణీ స్టూడియో దాకా సాగింది. మరో పక్క బి.ఎన్. రెడ్డి గారి 'మల్లీశ్వరి' 1951లో వచ్చింది. ఆ తర్వాత చైనా భాషలో అక్షరాలు వేసి దాన్ని అక్కడ కూడా చూపించారు.

భరణీ వారి 'చండీరాణి'కి దర్శకత్వం భానుమతి గారే. విడుదలైంది 1953లో. ఈ సినిమా గురించి మనం కొంచెం నిదానంగా మాట్లాడుకోవాలి. ఎందుకంటే రాతల్లో ఒక్క వాక్యంతో దాటేస్తుంటారు. తెలుగు, తమిళం, హిందీ... మూడు భాషల్లో తీశారు. కథానాయిక ఆవిడే, అదీ రెండు పాత్రలు. పాటలు ఆవిడే పాడాలి. పక్కన ఎన్టీ రామారావు గారు హీరో. మూడు భాషల్లో ఒకే సన్నివేశం తీయాలంటే ఒక్కో షాటూ మూడుసార్లు. రెండు పాత్రలంటే మళ్ళీ రెట్టింపు. వేషం వేసుకుని కెమెరా ముందు నటించాలి, అదే వేషంతో వెనక్కి వచ్చి పదిమంది మగవాళ్ళకి పని చెప్పాలి. సంగీతం చేస్తున్న సుబ్బరామన్ గారు మధ్యలో చనిపోతే విశ్వనాథన్ గారితో పూర్తి చేయించుకోవాలి. అప్పటికి ఆవిడకి 28 ఏళ్ళు నిండలేదు. ఇంట్లో చిన్నపిల్లాడు.

పండగ రోజు ఒక పొయ్యి మీద పులిహోర పోపు, రెండో పొయ్యి మీద పాయసం, వీధి గుమ్మంలో చుట్టాలు, చంకలో పిల్లాడు ఉన్నప్పుడు మన బుర్ర ఎన్ని దారుల్లో పరుగెడుతుందో మనకు తెలుసు. ఆ నైపుణ్యానికి ఎవరూ దర్శకత్వం అని పేరు పెట్టరు. భానుమతి గారు అదే బుర్రతో సెట్టు మీదకు వెళ్ళారు. తెలుగులో ఆడవాళ్ళు దర్శకులు కావచ్చునన్న మాట అప్పుడు పుట్టింది. సావిత్రి గారి 'చిన్నారి పాపలు' రావడానికి 1968 దాకా పట్టింది. తెలుగులో విజయనిర్మల గారి 'మీనా' వచ్చింది 1973లో. తర్వాత ఆవిడ నలభైకి పైగా సినిమాలు తీసి గిన్నిస్ పుస్తకానికెక్కారు. వాళ్ళందరి కంటే ముందు ఈ దారిలో నడిచింది భానుమతి గారే.

అద్దె మొగుడు, అరువు బిడ్డ

మరుసటి ఏడాది, 1954లో, భరణీ వారిదే 'చక్రపాణి' వచ్చింది. రామకృష్ణ గారి దర్శకత్వం. సంగీతం భానుమతి గారు. పాతకాలపు తెలుగు హాస్యచిత్రాల్లో నాకు చాలా ఇష్టమైనది ఇదే. సీఎస్సార్ వేసిన పిసినారి తాతగారి దగ్గర లక్ష రూపాయలున్నాయి. మనవరాళ్ళలో ఎవరికి ముందు మగపిల్లాడు పుడితే వాళ్ళకే ఆ లక్ష అంటాడు. మన హీరోయిన్‌కి పెళ్ళే కాలేదు. దాంతో పక్కింటి బిడ్డని అరువు తెచ్చుకోవాలి, మొగుణ్ణి అద్దెకు తెచ్చుకోవాలి. అద్దె మొగుడు నాగేశ్వరరావు గారు. ఇక చూస్కోండి ఆ ఇంట్లో గందరగోళం!

చిన్నప్పుడు దూరదర్శన్‌లో చూసి పడి పడి నవ్వాను. పెద్దయ్యాక చూస్తే నవ్వు వెనక ఇంకో మాట వినిపించింది. మగపిల్లాడు పుడితేనే ఆస్తి అన్న తాతగారి పేరాశ మీద కదా ఆ సినిమా అంతా నడిచింది! ఆ మాటని ఉపన్యాసంగా చెబితే జనం లేచి వెళ్ళిపోతారు. నవ్విస్తూ చెబితే ఇంటికి తీసుకెళ్తారు.

ఆవిడ హాస్యం పద్ధతి కూడా వేరు. రేలంగి గారిలా ఒళ్ళు తిప్పడం, ముఖం వంకర పెట్టడం ఆవిడకి అక్కర్లేదు. నిటారుగా నిలబడి, ముఖం గంభీరంగా పెట్టి, మాటని చివర్లో కొంచెం విరిచి వదిలేవారు. ఎదుటివాడికి తగిలిందని వాడికే ఆలస్యంగా తెలిసేది. మన ఇళ్ళల్లో పెద్దమ్మలూ మేనత్తలూ చేసే హాస్యం ఇదే. చాప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, తలెత్తకుండా ఒక్క మాట అంటారు. గదిలో ఉన్న మగవాళ్ళంతా నోరు మూసుకుంటారు. ఆ మేనత్త గొంతుని తెర మీద మొదటిసారి విన్నది భానుమతి గారి దగ్గరే.

పొగరు అన్నారు

భానుమతి గారి గురించి ఎవరు మాట్లాడినా ఒక మాట తప్పకుండా వస్తుంది. పొగరు. 'మిస్సమ్మ' సంగతి మీరూ వినే ఉంటారు. ఆ సినిమాలో మొదట మేరీ పాత్ర ఆవిడదే. కొంత షూటింగు కూడా జరిగింది. వరలక్ష్మీ వ్రతం రోజున పూజ చేసుకుని సెట్టుకి ఆలస్యంగా వచ్చారనీ, నిర్మాత చక్రపాణి గారు క్షమాపణ కోరారనీ, ఆవిడ ఒప్పుకోలేదనీ సినిమా లోకంలో చెప్పుకుంటారు. కారణం ఎంతదైనా పాత్ర మాత్రం పోయింది. తీసిన భాగం వృథా అయింది. ఆ పాత్ర సావిత్రి గారికి వచ్చింది. 1955లో సినిమా వచ్చాక సావిత్రి గారు ఎక్కడికి వెళ్ళిపోయారో మనకందరికీ తెలుసు. తన చేతిలోంచి పోయిన పాత్ర వల్ల ఒక గొప్ప నటి వెలుగులోకి వచ్చిందని భానుమతి గారు తర్వాత సంతోషంగానే చెప్పుకునేవారు.

దీన్ని రెండు రకాలుగా చూడొచ్చు. నలుగురూ ఎదురుచూస్తుంటే ఆలస్యంగా రావడం తప్పే కదా, ఒక్క మాట అనేస్తే పోయేది కదా అనే వాళ్ళ వాదనలో న్యాయం లేకపోలేదు. చక్రపాణి గారు పనిలో క్రమశిక్షణ కోరే మనిషి. అయితే నాకు ఒక సందేహం. అదే పట్టుదల ఒక మగ నటుడు చూపిస్తే దానికి ఆత్మాభిమానం అని పేరు పెడతాం. మనం చూపిస్తే పొగరు అవుతుంది. ఇది సినిమా వాళ్ళ ఇళ్ళల్లోనే కాదు, మన ఇళ్ళల్లోనూ ఉన్నదే. ఆవిడ ఆ మాటకి కుంగిపోలేదు, కాదని వాదించనూ లేదు. ఆ పొగరునే పాత్రల్లోకి మళ్ళించి జనం చేత చప్పట్లు కొట్టించుకున్నారు. ఇంతకంటే తెలివైన జవాబు ఏముంటుంది?

తమిళంలోనూ ఇదే గౌరవం. అన్నాదురై గారు ఆవిడని నటనకే వ్యాకరణమని మెచ్చుకున్నారు. మా పక్క వాటాలో ఉండే తమిళ మామి దగ్గర భానుమతి పేరెత్తితే 'అన్నై', 'రంగూన్ రాధా' అంటూ మొదలుపెడుతుంది. ఆవిడ తమిళావిడ కాదని నేను చెబితే ఇప్పటికీ నమ్మదు. సికింద్రాబాద్‌లో ఇలాంటి తగవులు మామూలే. ఇడ్లీ ఎవరిదని కొట్టుకున్నట్టే భానుమతి ఎవరిదని కొట్టుకుంటాం.

కథల్లోకి వచ్చిన అత్తగారు

ఇక అసలు సంగతికి వద్దాం. సినిమాలో అత్తగారంటే మనకు ఒకే ఒక్క ముఖం. సూర్యకాంతం గారు. ఆవిడ నటన అంత గొప్పది కాబట్టే తెలుగు ఇళ్ళల్లో ఆడపిల్లలకి ఆ పేరు పెట్టడానికి భయపడ్డారంటారు. సాహిత్యంలో ఇంటి హాస్యం అంటే మునిమాణిక్యం నరసింహారావు గారి కాంతం. అది భర్త చెప్పే కథ. భార్యని చూసి మురిసిపోతూ, మురిపిస్తూ నవ్వించే కథ. ఇంట్లో ఆడవాళ్ళ మధ్య జరిగే కథని ఆడమనిషే చెబుతూ, తానూ అందులో నవ్వులపాలవుతూ రాసినవి అప్పటికి అరుదు.

భానుమతి గారి 'అత్తగారి కథలు' ఆ ఖాళీలో పుట్టాయి. చెప్పేది కోడలు. అత్తగారికి మడి ఉంది, ఆచారం ఉంది, ఊరగాయలున్నాయి, పాడి ఉంది. లోకం ఎంత మారినా తన లెక్క తనకుంది. అమాయకత్వం ఉంది, దాని పక్కనే పిసరంత గడుసుతనం కూడా ఉంది. 'అత్తగారూ - ఆవకాయ', 'అత్తగారూ - అరటికాయపొడి'... పేర్లు చూడండి! రాజులూ యుద్ధాలూ ఏమీ లేవు. వంటింటి అలమారలో చెయ్యి పెడితే దొరికే సరుకు.

ఇంకో విషయం గమనించండి. ఈ కథలు రాసిన మనిషి మామూలు గృహిణి కాదు. దక్షిణాదిలో పేరు మోగిపోతున్న తార. స్టూడియో ఉంది. కావాలనుకుంటే తన వైభవం గురించే రాసుకోవచ్చు. తారలూ, కార్లూ, పార్టీలూ అంటే పాఠకులు ఎగబడి చదివేవారు కూడా. ఆవిడ అవన్నీ పక్కకి నెట్టి, మడిబట్ట కట్టుకున్న ముసలావిడకి హీరోయిన్ పాత్ర ఇచ్చారు. తాను మాత్రం నోరు మెదపలేని కోడలి వేషం వేసుకున్నారు! సినిమా లోకమంతా పొగరుబోతు అన్న మనిషి, కాగితం మీద అత్తగారి ముందు చేతులు కట్టుకుని నిలబడటం... అదే ఆ కథల్లో అసలు హాస్యం.

డిగ్రీ చదివే రోజుల్లో లైబ్రరీలో ఆ పుస్తకం దొరికింది. అప్పుడు అత్తగారి చాదస్తం చూసి నవ్వుకున్నాను. పెళ్ళయి, నాకూ ఓ అత్తగారు వచ్చాక మళ్ళీ చదివితే కోడలిని చూసి నవ్వొచ్చింది. ఇప్పుడు నలభైకి దగ్గరపడ్డాక చదువుతుంటే, అత్తగారి వైపు నుంచి ఆలోచన మొదలైంది. అన్నీ తెలిసిన ఇంట్లో నెమ్మదిగా తన మాట చెల్లని కాలం వస్తున్నదని తెలిసి కూడా జాడీ మీద పెత్తనం వదలని ముసలావిడ... ఆవిడకి మిగిలిన రాజ్యం ఆ జాడీయే కదా! ఒకే పుస్తకం మూడు వయసుల్లో మూడు రకాలుగా నవ్వించిందంటే, అది ఉత్త కాలక్షేపం కాదు.

కథలు రాసుకునే నాలాంటి వాళ్ళకి ఆ పుస్తకంలో ఒక పాఠం కూడా ఉంది. మన చుట్టూ ఉన్నవాళ్ళని కథల్లోకి తీసుకోకుండా రాయలేం. తీసుకుంటే ఇంట్లో ముఖాలు మాడతాయి. ఏ కథ అచ్చయినా, అందులో ఆడపడుచు తనేనా అని అడిగే చుట్టం ఒకరు తప్పకుండా ఫోన్ చేస్తారు. భానుమతి గారు దీనికి చక్కని ఉపాయం కనిపెట్టారు. ఎదుటివాళ్ళ మీద ఒక నవ్వు వేస్తే తన మీద రెండు వేసుకోవడం. అత్తగారిని చూసి నవ్వుతాం గానీ, చులకన చెయ్యం. పుస్తకం మూసేటప్పటికి ఆ ముసలావిడ మన ఇంటి మనిషైపోతుంది. చమత్కారం చాలామందికి వస్తుంది. ఎదుటి మనిషిని చిన్నబుచ్చకుండా చమత్కారం చెయ్యడానికే పెద్ద మనసు కావాలి.

ఆ కథలకు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 1966లో ఆవిడ పద్మశ్రీ అయ్యారు. తర్వాతి కాలంలో పొత్తూరి విజయలక్ష్మి గారి లాంటి వాళ్ళు ఇంటి కథలతో హాయిగా నవ్విస్తుంటే, ఆ పంక్తిలో మొదటి పీట భానుమతి గారిదేనని నాకనిపిస్తుంది.

హీరోయిన్ నుంచి బామ్మ దాకా

మన సినిమాల్లో నలభై దాటిన నటికి ఏముంటుంది? హీరో అమ్మగా దగ్గుతూ మంచం మీద పడుకోవడం, లేదా దేవుడి ముందు కొబ్బరికాయ కొట్టి ఏడవడం. భానుమతి గారికి ఆ మంచం నచ్చలేదు. 1964లో 'వివాహబంధం', 1965లో 'అంతస్తులు'తో వయసుకి తగ్గ, బరువున్న పాత్రలవైపు తిరిగారు. 1972లో 'అంతా మన మంచికే'తో మళ్ళీ దర్శకత్వం చేపట్టారు. ఆ వెంటనే 'విచిత్ర వివాహం', 1974లో 'అమ్మాయి పెళ్ళి'. 1982లో 'భక్త ధ్రువ మార్కండేయ' తీశారు. అందులో పాత్రలన్నిటినీ పిల్లల చేతే వేయించారు! ఇంట్లో ఒక్క పిల్లాడి చేత అన్నం తినిపించడానికే మన ప్రాణం తోకకొస్తుంది. సెట్టు నిండా పిల్లల్ని పెట్టుకుని పురాణ సినిమా తీసిన ఓపికని ఏమనాలి?

1974లో ఎన్టీఆర్ గారే దర్శకత్వం వహించిన 'తాతమ్మ కల' చూశారా? ఎన్టీఆర్ పక్కన మల్లీశ్వరిగా, చండీరాణిగా కనిపించిన ఆవిడ ఈ సినిమాలో ఆ ఇంటికంతటికీ తాతమ్మ. బాలకృష్ణకి అదే మొదటి సినిమా. తనతో జంటగా నటించిన హీరో ఇంకా హీరోగానే ఉంటే, తాను తల నెరిసిన పాత్ర వెయ్యడానికి ఏ నటికైనా మనసు కొంచెం చివుక్కుమనదా? భానుమతి గారు మాత్రం ఆ తాతమ్మ చేత సినిమానే నడిపించారు.

పదేళ్ళ తర్వాత, 1984లో, కోడి రామకృష్ణ గారి 'మంగమ్మగారి మనవడు' వచ్చింది. అదే బాలకృష్ణ మనవడు, భానుమతి గారు మంగమ్మ. సినిమా పేరులోనే చూడండి. మనవడు హీరో అయినా, మంగమ్మగారి మనవడిగానే లోకానికి తెలుస్తాడు. హైదరాబాదులో ఆ సినిమా ఏడాది దాటి ఆడింది. నేను పుట్టకముందు సంగతి. అందుకే మా అమ్మ చెప్పగా విన్నాను. ఆ రోజుల్లో హాలు నిండా ఆడవాళ్ళే ఉండేవాళ్ళట. ముసలమ్మ నోరు తెరిస్తే చాలు, ఈలలు వేసే కుర్రాళ్ళ కంటే గట్టిగా మా అమ్మ వయసు వాళ్ళు నవ్వేవాళ్ళట. ఆ తర్వాత 'అత్తగారూ స్వాగతం', జంధ్యాల గారి 'ముద్దుల మనవరాలు', 'బామ్మ మాట బంగారు బాట', 'పెద్దరికం'... ఆవిడ కోసం కథలు అల్లుకున్నారు. అరవై ఏళ్ళు వచ్చిన నటి పాత్ర సినిమా పేరులోకి ఎక్కడం మన దగ్గర ఎన్నిసార్లు జరిగింది చెప్పండి?

ఈ బామ్మలందరినీ ఒక వరసలో నిలబెట్టి చూస్తే, అత్తగారి కథల్లో కాగితం మీద పుట్టిన ముసలావిడే తెర మీదకు నడిచొచ్చినట్టుంటుంది. అదే పట్టుదల, అదే పెత్తనం, అడుగున అదే ప్రేమ. రాసేటప్పుడు కోడలి వైపు నిలబడి అత్తగారిని చూశారు. వయసొచ్చాక అత్తగారి స్థానంలో నిలబడి లోకాన్ని చూశారు. రెండు వైపులా అంత నమ్మకంగా నిలబడిన మనిషి మరొకరు కనిపించరు.

చివరి రోజులు

రామకృష్ణ గారు 1986లో కన్నుమూశారు. నలభై మూడేళ్ళ కాపురం అది. ఆయన దర్శకత్వంలో ఆవిడ నటించారు, ఆయన నిర్మించిన సినిమాకి ఆవిడ దర్శకత్వం చేశారు. ఇంటి పెత్తనంలో, సినిమా పెత్తనంలో ఎవరి మాట ఎక్కడ చెల్లాలో తెలిసిన దంపతులు. పెళ్ళికి ముందు ఈ జంట కుదరదేమోనని భయపడిన పెద్దల లెక్క తప్పింది.

మద్రాసులో ప్రభుత్వ సంగీత కళాశాలకు కొన్నాళ్ళు ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. జ్యోతిషం మీద ఆసక్తితో అదీ నేర్చుకున్నారు. తన జీవితాన్ని 'నాలో నేను' పేరుతో రాసుకున్నారు. సినిమా మీద వచ్చిన ఉత్తమ గ్రంథంగా దానికి జాతీయ బహుమతి వచ్చింది. 2001లో పద్మభూషణ్ ఇచ్చారు. 1998లో వచ్చిన 'పెళ్ళి కానుక' తర్వాత తెరకి దూరమయ్యారు. 2005 డిసెంబరు 24న చెన్నైలో, 80 ఏళ్ళ వయసులో వెళ్ళిపోయారు.

ఇన్ని బిరుదుల్లో ఏది గొప్పదని అడిగితే నేను చెప్పలేను. నాకు గొప్పగా కనిపించేది ఒక్కటే. నవ్వడం ఆడదానికి అందం కాదనే ఇళ్ళల్లో మనలో చాలామందిమి పెరిగాం. గట్టిగా నవ్వితే పెద్దవాళ్ళు కళ్ళురిమేవాళ్ళు. నవ్వించే పని మగవాళ్ళది, నవ్వులపాలయ్యే పని ఆడవాళ్ళది అన్నట్టుగా ఎన్ని జోకులు! ఇప్పుడు ఫోన్లలో వచ్చే జోకులు చూసినా పెద్ద మార్పేమీ లేదు. పెళ్ళాం మీద, అత్తగారి మీద, వాళ్ళ ఒంటి మీద, వాళ్ళ నోటి మీద. భానుమతి గారు ఆ పనిని తన చేతుల్లోకి తీసుకున్నారు. తమాషా ఏమిటంటే, తీసుకున్నాక మగవాళ్ళ మీద కసి తీర్చుకోలేదు. అందరినీ కూర్చోబెట్టి, తాను కూడా వాళ్ళలో కూర్చుని నవ్వారు.

ఈసారి సెలవుల్లో మీ ఇంట్లో పుస్తకాల అలమార ఉంటే వెతకండి, లేకపోతే లైబ్రరీలో అడగండి. 'అత్తగారి కథలు' తెచ్చుకుని మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక కథ పైకి చదవండి. మీ అత్తగారు దగ్గరుంటే ఆవిడకి వినిపించేలాగే చదవండి. మేం చదివాం. మా అత్తగారు మొదట ముఖం ముడుచుకున్నారు. రెండో పేజీకి వచ్చేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మూడో పేజీలో, ఆ కథలో అత్తగారిది ఏమాత్రం తప్పు లేదని, కోడలికే సరిగ్గా చెప్పడం రాలేదని తీర్పు ఇచ్చేశారు. భానుమతి గారు ఉండి ఉంటే ఆ తీర్పు విని, తలొంచుకుని నిలబడి, లోపలికి వెళ్ళి ఇంకో కథ రాసేవారు.